నడిమి జాగా

గోలు పడినప్పుడు కేశవమూర్తి వంగి బూటు లేసు బిగించుకుంటున్నాడు.

చూడాల్సిన పనేమీ లేదు. ఇద్దరు డిఫెండర్ల సందులోంచి బాలు జారిపోవడం, దాని వెనకే మాణిక్యం ఉరకడం చూశాక ఇక మిగిలింది మాణిక్యం కాలి పని. సండూరు గనుల మైదానమంతా ఒక్కసారిగా లేచి కేక పెట్టింది. ఆ కేకతో పాటు ఎర్రదుమ్మూ లేచింది. కేశవమూర్తి ఒక ముడి వేసి, దాని మీద ఇంకో ముడి వేసి, నిలబడి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. ముప్పై మూడేళ్ళు వచ్చేసరికి నడుము కూడా జట్టులో ఒక ఆటగాడే. దాన్ని అడక్కుండా ఏ పనీ చెయ్యడానికి లేదు.

ఆట ముగిశాక వెల్ఫేర్ ఆఫీసరు చెన్నకేశవరావు మాణిక్యం మెడలో బంతిపూల దండ వేశాడు. బెంగళూరు క్లబ్బు తరఫున ఆట చూడటానికి వచ్చిన టోపీ పెద్దమనిషి, సంతలో కోడెను చూసినట్టు మాణిక్యం పిక్కలకేసి చూసి, రేపటి బస్సుకే బయల్దేరమన్నాడు. ట్రయల్స్‌లో బాగా ఆడితే అక్కడే ఉద్యోగం. కుర్రాళ్ళు మాణిక్యాన్ని భుజాల మీదికెత్తుకున్నారు. అంత ఎత్తు నుంచి వాడు తల తిప్పి కేశవమూర్తి కోసం వెతికి, కనబడగానే అరచెయ్యి తెరిచి చూపించాడు.

ఆ అరచెయ్యి క్రషరు దగ్గరి భాష. రాయిని నలగ్గొట్టే గని క్రషరు తిరుగుతుంటే పక్కవాడు చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పిడికిలి బిగిస్తే ఆపు. అరచెయ్యి తెరిస్తే వదులు. వేలు కిందికి చూపిస్తే ఇక్కడే వెయ్యి. జట్టులో ఎక్కువమంది క్రషరు దగ్గర పని చేసినవాళ్ళే కాబట్టి మైదానంలో కూడా ఎవరూ అరవరు. మాణిక్యం ఉరుకుతూ చెయ్యి వీపు వెనక పెట్టి చూపిస్తాడు. వెనకనుంచి కేశవమూర్తి చూసుకుంటాడు. చూసి, బాలు పంపిస్తాడు. అంతే అతని ఆట. హాఫ్‌బ్యాక్. ఎదటివాడి దగ్గర బాలు లాక్కోవడం, మనవాడికి ఇవ్వడం. తన కాలి దగ్గర బాలు రెండు క్షణాలు ఉంటే పరాయి సొమ్ము ఇంట్లో పెట్టుకున్నట్టు ఉంటుంది అతనికి.

కంపెనీ క్వార్టర్స్ చేరేసరికి పంకజాక్షి గుమ్మంలోనే ఉంది. పెళ్ళయి రెండు నెలలు. బళ్ళారి బజారులో వాళ్ళ నాన్నకు పసుపు కుంకుమల అంగడి ఉంది. ఆమె బి.ఏ. చదివింది. ఆమెకు ఈ ఒంటిగది ఇల్లూ, వంటింటి కిటికీలోంచి కనబడే లారీల వరసా, కొళాయిలో నీళ్ళు వచ్చే ముందు అది దగ్గడం కూడా సంబరమే.

"గెలిచినారా?"

"గెలిచినాం. రెండు గోల్సు."

"మీరు కొట్టినారా?"

"లే. మాణిక్యం."

"మరి మీరేం చేసినారు?"

"బాలిచ్చినా."

"అంతేనా?"

"అంతే."

ఆమె అతని జెర్సీని బకెట్లో ముంచి పైకి తీసింది. నీళ్ళు చిక్కటి ఎరుపయ్యాయి. "ఏమండీ, ఇట్లొచ్చి చూడండి! మా అంగట్లో కుంకుమ కల్తీ అని గొడవ పడే ఆడోళ్ళకు ఈ నీళ్ళు చూపించల్ల," అని నవ్వింది. అతను కాలిపట్టీ విప్పుతూ చూశాడు. మడమ దగ్గర వాపు. ఉప్పు వేసిన వేడినీళ్ళ తప్పేలాలో కాలు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చుని, చెయ్యి పెట్టి చూసి, ఇంకో చెంబు వేడినీళ్ళు పోసింది.

రోజూ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక ఇద్దరూ బస్టాండు దాకా నడుస్తారు. మిరపకాయ బజ్జీలు తింటారు. దారిలో ఏ లారీ మీద ఏ బొమ్మ ఉందో ఆమె చూసి చెబుతుంది. కొత్త కాపురంలో వాళ్ళకున్న విలాసం అదొక్కటే. అది పగటిపూట పని ఉండే జనరల్ షిఫ్టు ఇచ్చిన విలాసం. జట్టులో ఉన్నవాళ్ళకే జనరల్ షిఫ్టు.

*

మర్నాడు చెన్నకేశవరావు పిలిపించాడు.

"కూర్చో కేశవమూర్తీ. టీ తాగుతావా?"

ఆఫీసులో తనకు టీ ఇవ్వబోతున్నారంటేనే కేశవమూర్తికి సగం అర్థమైంది. చెన్నకేశవరావు చెడ్డవాడు కాదు. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద సిరుగుప్ప వైపు స్థిరపడ్డ రైతు కుటుంబం వాళ్ళది. వాళ్ళ ఊరు హచ్చొళ్ళిలో సన్నబియ్యం పండితే జట్టులో అందరికీ ఒక్కో సంచి పంపించే మనిషి. ఆట గురించి మాత్రం ఆయనకు తెలిసింది ఒక్కటే, గోలు.

"మాణిక్యం వెళ్ళిపోతున్నాడు. వాళ్ళు తీసుకుంటారు, అందులో అనుమానం లేదు," అన్నాడాయన. "వాడే లేనప్పుడు నువ్వు బంతి ఎవరికిస్తావయ్యా, చెప్పు?"

కేశవమూర్తి టీ గ్లాసు అంచు మీద వేలు తిప్పాడు.

"ఈ సీజన్లో నువ్వు గోలేమైనా కొట్టావా?"

"లేదు సార్."

"పోయిన సీజన్లో?"

"లేదు సార్."

"నిన్ను ఉంచమని పైవాళ్ళకి ఏమని చెప్పను నేను? మంచివాడు, బుద్ధిమంతుడు అని చెప్పనా? ఇదేమన్నా పెళ్ళి సంబంధమా?" ఆయనే నవ్వి, ఆయనే నవ్వు ఆపుకున్నాడు. "హోస్పేట నుంచి హంపన్న అని కుర్రాడొస్తున్నాడు. ముగ్గుర్ని తప్పించుకుని పోతాడు, నేను కళ్ళారా చూశాను. ఆదివారం బళ్ళారిలో దసరా టోర్నమెంటు మొదటి ఆట. నీ జాగాలో అతన్ని దింపుతున్నాం. నీ పేరు ఎక్స్‌ట్రాల్లో ఉంటుంది. పేరుకి."

"షిఫ్టు సార్?"

"దిగే పదకొండు మందికే జనరల్. ఆ రూలు నాది కాదయ్యా." ఆయన పేపర్‌వెయిటును అటు నుంచి ఇటు జరిపాడు. "క్రషర్లో రెండో షిఫ్టు. మధ్యాహ్నం రెండింటికి ఎక్కాలి, రాత్రి పదింటికి దిగాలి. రేపట్నుంచి."

"సరే సార్."

ఆ మాట ఎంత తొందరగా వచ్చేసిందో వరండా మెట్లు దిగుతున్నప్పుడు తెలిసింది. ఆయన పూర్తిగా చెప్పకముందే తను జాగా ఇచ్చేశాడు.

ఇంట్లో పంకజాక్షికి చెప్పాడు. కొత్తిమీర గిల్లుతూ గిల్లుతూ కాడలు కూడా ముక్కలు చేసేసింది. తర్వాత, "పోనీలేండి. పొద్దున పూట ఇంట్లో ఉంటారు కదా. ఉగ్గాని కలిసి తిందాం. సాయంత్రం బజ్జీలు ఒక్కదాన్నే తింటా, మీ వంతు కూడా," అంది. చెప్పి తల వంచుకుంది.

"నువ్వొక్కదానివే అంత దూరం నడచద్దు. లారీలు."

"పోను లేండి."



*

క్రషరు దవడ మీద నిలబడే చోటికి చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ ఎక్కాడు కేశవమూర్తి. టిప్పరు వచ్చి రాయి దొర్లిస్తుంది. పెద్ద బండలు ఇనుప కడ్డీల మీద ఇరుక్కుంటాయి. గునపంతో వాటిని పొడిచి, తిప్పి, దవడలోకి తోయాలి. దవడ నమిలి కింది బెల్టు మీదికి ఉమ్ముతుంది. కాళ్ళ కింద పలక అదురుతూనే ఉంటుంది. ఆ అదురు మడమలోంచి మోకాలికి, మోకాల్లోంచి నడుముకు పాకుతుంది. మూతికి తడిగుడ్డ కట్టుకున్నా నాలుక మీద ఇనుము రుచే.

ఎదురుగా పక్కీరప్ప. గనిలో తల నెరిసిన కన్నడ మనిషి. కేశవమూర్తిని చూడగానే రెండు చేతులూ గాల్లో తిప్పి, ఏమైంది, అని అడిగాడు. కేశవమూర్తి కాలు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపాడు. పక్కీరప్ప నుదురు కొట్టుకున్నాడు.

బెల్టు ఆగి, చెవులకు కాస్త ప్రాణం వచ్చాక ఇద్దరూ షెడ్డు నీడన కూర్చున్నారు.

"బందేనో మారాయా! వస్తివా మళ్ళా!" అన్నాడు పక్కీరప్ప. అతని మాటలో సగం కన్నడం, సగం తెలుగు. "ఇన్ని దినాలు కాలితో అన్నం తింటివి. ఇంక మా మాదిరి చేత్తో తిను."

"తింటానప్పా. యాడ పోతా."

"నువ్వు ఒక మాట అనలేదా ఆ ఆఫీసరు సాహేబ్రుకు?"

"ఏమనల్ల?"

"ఏమన్నా అనల్ల. బూతన్నా అనల్ల." పక్కీరప్ప బీడీ ముట్టించాడు. "నిన్ను చూస్తే నాకేమనిపిస్తాందంటే, ఎవడన్నా నీ చెప్పులడిగినా, ఇంద తీసుకో, నాది ఎడమ కాలి చెప్పు కొంచెం తెగింది చూసుకో, అని ఇస్తావు."

కేశవమూర్తి నవ్వాడు. దుమ్ము గొంతుకు అడ్డం పడి నవ్వు దగ్గయింది. కొండ మీది నుంచి లారీలు వరసగా దిగుతున్నాయి. కింద మైదానం కనబడుతోంది. జట్టు ప్రాక్టీసు మొదలైంది. అంత దూరం నుంచి మనుషులు గింజల్లా ఉన్నారు. ఒక గింజ మాత్రం బాలుతో సహా అటూ ఇటూ పరుగెడుతోంది. హంపన్న అయ్యుండాలి. బాగా ఉరుకుతున్నాడు. బెల్టు మళ్ళీ కదలగానే కేశవమూర్తి లేచి గునపం అందుకున్నాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం దవడలో బండ ఇరుక్కుని క్రషరు నిలిచిపోయింది. ఇద్దరు మనుషులు సుత్తులతో దిగారు. కేశవమూర్తి పలక మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే కింద మెట్ల దగ్గర మాణిక్యం కనబడ్డాడు. చేతిలో రెగ్జిన్ సంచి. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చినట్టున్నాడు.

"ఏమిరా, అప్పుడే వస్తివి? జాయినింగ్ ఎప్పుడు?"

మాణిక్యం పైకి వచ్చి సంచి కింద పడేసి కూర్చున్నాడు. "జాయినింగూ లేదు, ఏం లేదు. పంపించేసిరి."

"ఏమైంది?"

"ఏమైతుందన్నా? రెండు ఆటలు ఆడించిరి. నేను ఉరుకుతాండా, చెయ్యి వెనక పెట్టి చూపిస్తాండా, చూపిస్తాండా... వెనక చూసేవాడే లేడు. ఆడ అందరూ అరుస్తారన్నా. గొంతు చించుకుని పేరు పెట్టి పిలవల్ల. నాకు అరిచేది యాడొస్తుంది? ఒక్క బాలు రాలేదు నాకు. చివరికి ఆ టోపీ ఆయన వచ్చి ఇంకో ఆయన్ని అడుగుతాండాడు, ఈ పిల్లోడు మూగోడా అని."

పక్కనుంచి పక్కీరప్ప కిసుక్కున నవ్వబోయి, మాణిక్యం ముఖం చూసి ఆగిపోయాడు.

"రెండో ఆటలో బాలు నేనే తెచ్చుకుందామని వెనక్కి పోతిని," అన్నాడు మాణిక్యం. "పోతే ఏం చెయ్యల్లో తెలియలేదు. తీసుకునేది తెలుసు గానీ తెచ్చుకునేది తెలియదు నాకు. నువ్వే చెడగొట్టినావన్నా నన్ను."

"నేనా?"

"నువ్వే. చంటిబిడ్డకు ముద్దలు కలిపి పెట్టినట్టు పెడితివి ఇన్నాళ్ళూ. కాలు ముందర బాలు దానంతటదే పుడుతుందనుకుంటి నేను." వాడి గొంతులో నిజంగానే కోపం ఉంది. కళ్ళల్లో నీళ్ళూ ఉన్నాయి. "ఆడికి పోయినాకనే తెలిసింది."

కేశవమూర్తి గుక్కెడు నీళ్ళు తాగి చెంబు వాడికిచ్చాడు. పదిహేనేళ్ళ ఆటలో ఇలాంటి మాట అతనితో ఎవరూ అనలేదు. అది తిట్టులా వచ్చింది. అందువల్ల దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"సరే, ఆదివారం బళ్ళారిలో ఆడతావు కదా," అన్నాడు.

"ఆడతా. నువ్వున్నావు కదా."

"నేను లేను." గునపం చూపించాడు. "ఈడ ఉండా."

మాణిక్యం గునపం కేసి చూశాడు. విషయం ఇప్పుడే తెలిసింది వాడికి. కింద సుత్తి పడిన చోట బండ పగిలింది. దవడ మళ్ళీ కదిలింది. వాడు ఏదో అన్నాడు. ఏమన్నాడో వినబడలేదు.

*

ఆదివారం క్రషరుకు సెలవు. పడుకుంటానన్నాడు కేశవమూర్తి. పంకజాక్షి వినలేదు.

"నేను ఇంతవరకూ ఒక్క ఆటైనా చూళ్ళేదు. రేపు ఎవరన్నా అడిగితే ఏం చెప్పల్ల? మా ఆయన ఫుట్‌బాల్ ఆడతాడంట, నేను బట్టలుతుకుతానంట, అని చెప్పల్లా?"

"నేను ఆడే ఆట కాదది."

"కాకపోనీ. మీరు పక్కనుంటే నాకు చెప్పొచ్చు కదా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె దారి పొడుగునా ఆనందపడింది. బళ్ళారి మైదానంలో సిమెంటు మెట్ల మీద ఆడవాళ్ళు నలుగురైదుగురు కంటే లేరు. ఆమె గొడుగు తెరిచి, బొరుగుల మండక్కి పొట్లం ఒళ్ళో పెట్టుకుని, సినిమాకు వచ్చినంత దర్జాగా కూర్చుంది. వెనక మెట్టు మీది లావుపాటి మనిషి, "అమ్మా, ఆ గొడుగు దించితే మాకూ కొంచెం ఆట కనబడుతుందమ్మా," అన్నాడు. ఆమె నాలుక కరుచుకుని గొడుగు మూసి, ఆయనకు గుప్పెడు మండక్కి ఇచ్చింది.

గుంతకల్లు నుంచి వచ్చిన జట్టు ఎదురు. ఆట మొదలైంది. హంపన్న బాలు అందుకుని ఒకణ్ణి దాటాడు, ఇద్దర్ని దాటాడు. మెట్లన్నీ 'ఆహా' అన్నాయి. మూడోవాడు బాలు లాక్కుపోయాడు. మళ్ళీ హంపన్న. మళ్ళీ ఒకడు, ఇద్దరు, మూడోవాడు. ముందర మాణిక్యం చెయ్యి వెనక పెట్టుకుని ఉరికీ ఉరికీ నిలబడిపోతున్నాడు. అరచెయ్యి, పిడికిలి, మళ్ళీ అరచెయ్యి.

కేశవమూర్తి పాదం మెట్టు మీద కదులుతోంది. అతనికి తెలియకుండానే కదులుతోంది. పంకజాక్షి ఒకసారి ఆ పాదం చూసింది, ఒకసారి మైదానం చూసింది.

"ఆ అబ్బాయి చెయ్యి అట్ల తిప్పుతాడెందుకు?"

"బాలు సందులోకి వదలమంటాండాడు."

"మరి ఎవరూ వదలరే?"

"చూసేవాళ్ళు లేరు."

గుంతకల్లు జట్టు గోలు వేసింది. నడుమ నుంచి ఒకడు అడ్డులేకుండా నడిచి వచ్చి కొట్టాడు. పంకజాక్షి మండక్కి నమలడం మానేసింది. తర్వాత వేలు పెట్టి చూపించింది.

"ఏమండీ, అంతమంది ఉండారు కదా. ఆ నడుమ ఆడ మాత్రం ఎవరూ లేరేంది? బాలు అంతా ఆడనే పడుతుండాది. ఎవరూ లేరు."

కేశవమూర్తి చూశాడు. అవును, అక్కడే. గుండ్రటి గీతకు కొంచెం వెనక, కొంచెం ఎడమకు.

"మీరుండేది ఆడనేనా?" అంది.

అతను తలూపాడు.

ఆట సగంలో విరామం ఇచ్చారు. ఆటగాళ్ళు నిమ్మకాయ బద్దలు చీకుతూ గీత పక్కన కూలబడ్డారు. చెన్నకేశవరావు అటూ ఇటూ చూసి, మాణిక్యం ఏదో చెబితే విని, మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. బరువైన మనిషి. ఎక్కి వచ్చేసరికి ఆయాసం. వెనకాలే మాణిక్యం.

"దిగవయ్యా కేశవమూర్తీ. నీ పేరు ఎక్స్‌ట్రాల్లో ఉంది కదా. బూట్లు తెచ్చావా?"

"లేదు సార్."

"హంపన్నవి వేసుకో. పద, టైము లేదు."

సరే సార్, అనే మాట నాలుక చివరికి వచ్చేసింది. కేశవమూర్తి దాన్ని అక్కడే ఆపాడు. ఆపడం అలవాటు లేని పని కాబట్టి ఏం చెయ్యాలో తెలియక పొట్లంలోంచి నాలుగు మండక్కి గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఆఫీసరు నిలబడే ఉన్నాడు. ఆయన కాలరు చెమటకు తడిసి మెడకు అంటుకుంది.

"సార్, రేపు నా షిఫ్టు ఏంది?"

"అది తర్వాత చూద్దాంలే. ముందు దిగు."

"తర్వాత కాదు సార్. ఈడనే చెప్పండి."

వెనక లావుపాటి మనిషి ముందుకు వంగాడు. "ఏంది సామీ, ఆట నడుమ ఈ బేరం?"

పంకజాక్షి వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా, "మా అంగట్లో బేరం తెగినాకనే పొట్లం కడతారండీ," అంది. చుట్టుపక్కల నవ్వారు. చెన్నకేశవరావు కూడా నవ్వబోయి, నవ్వలేక, రెఫరీ చేతిలో విజిల్ కేసి చూశాడు.

"జనరల్. చాలా?"

"టోర్నమెంటు వరకా సార్?"

"ఉంటుందిలేవయ్యా..."

"సార్, అందరూ వింటాండారు," అన్నాడు మాణిక్యం.

చెన్నకేశవరావు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "జనరలే. రేపట్నుంచి. ఆడినా ఆడకపోయినా. ఇంక లే మహానుభావా."

హంపన్న జెర్సీ విప్పి ఇచ్చాడు. తడిగా, వేడిగా ఉంది. "అన్నా, వాళ్ళు చేతులతో ఏందేందో చెప్తాండారు, నాకొక్కటీ తెలియలేదు," అన్నాడు దీనంగా. ఇరవై ఏళ్ళు కూడా లేవు వాడికి. "తర్వాత నేర్పిస్తాలేరా," అన్నాడు కేశవమూర్తి. బూట్లు ఒక వేలంత వదులు. చేతిరుమాలు చింపి ముందర కుక్కుకున్నాడు.

మైదానంలోకి దిగాక నడుము మొదట ఒప్పుకోలేదు. క్రషరు అదురు ఇంకా కాళ్ళలోనే ఉంది. గుంతకల్లు కుర్రాళ్ళు అతనికంటే పదేళ్ళు చిన్నవాళ్ళు. ఒకడు సులువుగా దాటుకుపోయాడు. ఇంకొకడు భుజంతో గుద్దితే కింద పడ్డాడు. లేచి, మోచెయ్యి దులుపుకుని, గుండ్రటి గీత వెనక ఆ ఎడమ జాగాలో నిలబడ్డాడు. కాసేపటికి బాలు దానంతటదే అక్కడికి రావడం మొదలుపెట్టింది. వచ్చినదాన్ని ఇచ్చాడు. వచ్చినదాన్ని ఇచ్చాడు. మెట్ల మీద గోల తగ్గింది. గుంతకల్లు వాళ్ళు నడుమనుంచి రావడం మాని చుట్టూ తిరగసాగారు. అంతకంటే చెప్పుకోదగ్గదేమీ జరగలేదు.

ఒక పక్కనుంచి బాలు ఎగిరి వచ్చింది. దాన్ని తొడతో దించాడు. ఇద్దరు మీదికి వస్తున్నారు. ముందర మాణిక్యం వీపు, వీపు మీద అరచెయ్యి. కేశవమూర్తి ఆ క్షణం బాలును కాలి కిందే ఉంచాడు. ఇద్దరూ ఇంకా దగ్గరికి వచ్చారు. వాళ్ళు వదిలేసి వచ్చిన చోటు తెరుచుకుంది. అప్పుడు వదిలాడు.

వదిలి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు. ఊపిరి అందడం లేదు. బాలు ఇంకా నేల మీద దొర్లుతూనే ఉంది. మాణిక్యం దాన్ని చేరుకోలేదు. మైదానం మొత్తం నిశ్శబ్దం, ఏం జరగబోతోందో ఎవరికీ ఇంకా తెలియదు.

ఆ నిశ్శబ్దంలో చప్పట్లు వినబడ్డాయి.

ఒక్కరివే. గాజుల శబ్దంతో కలిసిన చప్పట్లు. కేశవమూర్తి తలెత్తాడు. మెట్ల మీద పంకజాక్షి ఒక్కతే లేచి నిలబడి ఉంది. ఆమె బాలు కేసి చూడటం లేదు.

అప్పుడు మాణిక్యం కొట్టాడు. బాలు గోలు కంబానికి తగిలి బయటికి పోయింది. మైదానమంతా 'అయ్యో' అని కూలబడింది. వెనక లావుపాటి మనిషి కాబోలు, "అమ్మా, గోలు కాలేదమ్మా, కూర్చో!" అని అరిచాడు. చాలామంది నవ్వారు.

ఆమె కూర్చోలేదు. చప్పట్లూ ఆపలేదు.

గుంతకల్లు గోల్‌కీపరు బాలు గీత మీద పెట్టి, తన్నడానికి నాలుగడుగులు వెనక్కి వేశాడు. కేశవమూర్తి నడుము నిటారు చేసుకుని, అది ఎక్కడ పడుతుందో అక్కడికి నడవడం మొదలుపెట్టాడు.